బండిని అమ్మే ముందు బండి చెప్పేది వినండి

హోసూరు తెలుగు సంఘం సభ్యులందరికీ,

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మన వ్యాన్‌ను పాత ఇనుముకు వేసేయాలని తీర్మానం పెడుతున్నారు. దాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. మేమంటే వంతుల ప్రకారం ఆ బండి తోలే నలుగురం. రాసింది కొంచెం పొడుగే. అయినా చెయ్యెత్తే ముందు ఒకసారి పూర్తిగా చదవండి.

తీర్మానంలో చెప్పిన కారణం ఇది: "ఒకరోజు అదురుతుంది, ఒకరోజు అదరదు. ఒకసారి లాగుతుంది, ఒకసారి లాగదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు." అంతుపట్టకపోవడం కాదండీ, ఎవరూ చూడకపోవడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

పోయిన ఏడాది ఈ బండికి మనం ఏం చేయించాం? మొదట ఇంజన్ మౌంటింగులు మార్చాం. తరువాత క్లచ్ ప్లేటు. తరువాత ఇంజెక్టర్లు కడిగించాం. డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చాం. మొత్తం 21,400 రూపాయలు, అంతా మీ చందా డబ్బు. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. "అదురుతోంది, లాగడం లేదు" అని రెండు ముక్కలు చెప్పి తాళం చేతిలో పెట్టి వచ్చింది మనమే. షెడ్డు ముందు నిలబెట్టిన బండి అదరదు. చూడటానికి ఏమీ లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఊహించి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. ఇందులో మా తప్పూ ఉంది. తోలేది మేమే అయినా ఒక్కరోజూ రాసిపెట్టలేదు.

"స్కానర్ పెడితే చెప్పేస్తుంది కదా" అని కొందరన్నారు. మనది 2008 నాటి డీజిల్ బండి. పంపు పూర్తిగా మెకానికల్. స్కానర్ చదవడానికి అందులో కంప్యూటరే లేదు. ఇలాంటి బండికి స్కానర్ తోలేవాడి చెవులూ, నడుమూ.

అందుకే ఈసారి డాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టాం. నాలుగు ఆదివారాలు రాశాం. ఎంత వేగంలో? ఏ గేరులో? ఎక్కుడులోనా, చదునులోనా? బయలుదేరి ఎంతసేపైంది? స్టీరింగ్ అదిరిందా, సీటు అదిరిందా?

రాశాక తేలిన మొదటి సంగతి, మనం ఒకటే జబ్బు అనుకుంటున్నవి నిజానికి రెండు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు.

మొదటిది అదురు. పొద్దున బయలుదేరిన మొదటి నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది, తరువాత తగ్గుతుంది. వారమంతా ఒకేచోట నిలబడ్డ బండి టైర్లు నేల తాకినచోట చదునవుతాయి, తిరిగి వేడెక్కాక సర్దుకుంటాయి. కానీ 65 దాటితే అదురు మళ్ళీ మొదలు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, ఇంజన్ ఆపకుండా, ఒక్క నిమిషం న్యూట్రల్‌లో వదిలి చూశాం. అదురు తగ్గలేదు. అంటే ఇంజన్‌దీ కాదు, క్లచ్‌దీ కాదు. తిరిగే చక్రాలదో, ప్రొపెల్లర్ షాఫ్ట్‌దో. స్టీరింగ్ నిలకడగా ఉంది, వెనక సీటు ఊగుతోంది, కాబట్టి వెతకాల్సింది వెనక వైపు. బ్రేకు తొక్కినప్పుడు అదురు పెరగలేదు, కాబట్టి డ్రమ్ముల మీద అనుమానం తక్కువ. ఇదంతా పైసా ఖర్చు లేకుండా తెలిసింది.

జాకీ ఎత్తి వెనక చక్రం చేత్తో తిప్పాం. ఎడమ టైరు లోపలి పక్క ఉబ్బి ఉంది. పక్కన అచ్చు వేసిన చివరి నాలుగు అంకెలు 1413. అంటే 2013లో 14వ వారంలో తయారైన టైరు. పైన అరుగుదల లేదు కాబట్టి బాగుందనుకుని ఇన్నేళ్ళూ దానిమీదే తిప్పాం. బాగలూరు, బేరికె నుంచి ఆదివారం తెలుగు క్లాసుకు పిల్లల్ని ఎక్కించుకొచ్చేది ఆ టైరు మీదే. 21,400 రూపాయలలో ఒక్క రూపాయీ దాని దగ్గరికి పోలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మాకు చెమటలు పడుతున్నాయి. ఆ రోజే బండి ఆపేశాం.

రెండోది లాగకపోవడం. కృష్ణగిరికి పోయేటప్పుడు రాని జబ్బు తిరిగొచ్చేటప్పుడు సూళగిరి దాకా వచ్చేది. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. ఎక్కుడులో ఇంజన్ ఎక్కువ డీజిల్ అడుగుతుంది. పక్కకు ఆపి పావుగంట టీ తాగితే మళ్ళీ బాగా లాగేది. మూడో ఆదివారం అలా మొండికేసిన వెంటనే ట్యాంకు మూత తిప్పాం. బుస్సుమని గాలి లోపలికి పోయింది. బండి అప్పటికప్పుడే ఎక్కింది. మూతలో గాలి పోయే చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోయింది. డీజిల్ తగ్గినకొద్దీ గాలి లోపలికి రాక పంపు లాగలేకపోతోంది. నాలుగో ఆదివారం మూత కడిగి వెళ్ళాం, ఎక్కడా ఆగలేదు. దీనికోసమా మనం ఇంజెక్టర్లు విప్పించింది?

ఇది లారీలూ మోటారు సైకిళ్ళూ తయారయ్యే ఊరు. ఆ ఫ్యాక్టరీలలో పనిచేసి రిటైరైన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. లైనులో తేడా వస్తే కారణం చూడకుండా భాగాలు మారుస్తూ పోతే సూపర్‌వైజర్ ఊరుకునేవాడా? అక్కడ పాటించిన పద్ధతి సంఘం డబ్బు దగ్గర ఎందుకు వదిలేశాం?

పాతదంతా కాపాడాలని మేము అనడం లేదు. రేపు ఛాసిస్ తుప్పు పట్టిందని తేలితే అమ్మడానికి మొదటి చెయ్యి మేమే ఎత్తుతాం. కానీ 2023లో రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు పొడిగించుకున్న బండిని, రెండు టైర్లూ ఒక మూతా ఖరీదు చేసే జబ్బుకు ఇనుముకు వేస్తే, మరుసటి ఆదివారం బేరికె పిల్లలు ఎలా వస్తారు? బడిలో తెలుగు దొరకని ఆ పిల్లలకు మన క్లాసే దిక్కు.

మా సవరణ తీర్మానం ఇది. వెనక రెండు టైర్లూ, ట్యాంకు మూతా కొత్తవి వేయాలి. తక్కిన టైర్ల తేదీలు, స్టెప్నీతో సహా, చూసి రాయాలి. నోటుబుక్కు బండిలోనే ఉండాలి. అందులో రాయని జబ్బుకు ఖజానా నుంచి పైసా ఇవ్వకూడదు.

సమావేశానికి వచ్చేటప్పుడు మీ సొంత బండి టైర్ల మీద ఆ నాలుగు అంకెలు కూడా చూసి రండి. చాలామంది మా లాగే ఉలిక్కిపడతారు.