ఉద్దానానికి నీళ్లతోపాటు ఏటా రక్తపరీక్ష కావాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు అన్ని కిడ్నీ జబ్బుల్లాంటిది కాదు. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తుంది. మూత్రపిండాల్లోని సన్నని నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ముందుగా దెబ్బతీస్తుంది కాబట్టి మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, కాళ్లవాపూ తొందరగా కనిపించదు. మూత్రపరీక్ష బాగుందంటే ఉద్దానంలోని కవిటిలోనో సోంపేటలోనో కూలీకి జబ్బు లేదనుకోవడం పొరపాటు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) ఎంతుందో చూడాలి. ఆ పరీక్ష అప్పుడప్పుడు పెట్టే శిబిరాల్లో కాకుండా, పెద్దవాళ్లందరికీ ఏటా ఊళ్లోనే జరగాలని, తేడా కనిపించినవారికి మూడు నెలలకు మళ్లీ చేయాలని కోరుతున్నాను.

హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్లిచ్చాం, 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాం కదా అని మీ అధికారులు అనవచ్చు. రెండూ అవసరమే. కానీ నీరే కారణమని ఇంకా రుజువు కాలేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బుకు మండుటెండలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం ముఖ్య కారణాలుగా కనిపిస్తున్నాయి. నీడ, విరామం, తాగునీరు పక్కాగా అమలుచేసిన చోట కూలీల కిడ్నీలకు దెబ్బ తగ్గింది. కాబట్టి నీళ్లిచ్చినంత మాత్రాన పరీక్ష అక్కర్లేదనలేం. నయం కాని జబ్బును ముందే చెప్పి భయపెట్టడమెందుకన్న ప్రశ్న మాత్రం గట్టిదే. అయితే ముందే తెలిస్తే కిడ్నీలకు చేటు చేసే నొప్పిమాత్రలు మాన్పించవచ్చు, బీపీ అదుపులో పెట్టవచ్చు, డయాలసిస్‌ను కొన్నేళ్లు వెనక్కి నెట్టవచ్చు. వారానికి రెండు మూడుసార్లు చేసే డయాలసిస్ ఖర్చు ముందు ఈ పరీక్ష ఖర్చెంత? జీడి కోతలు మొదలయ్యేలోగా తొలి విడత పూర్తయ్యేలా ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు