నీడలు బోధించు నీతి

హాలీవుడ్ స్వర్ణయుగమున వెలువడిన 'నోయర్' చిత్రములను, అనగా చీకటినీడలు కమ్మిన నేరచిత్రములను, కేవలము కాలక్షేపపు నేరకథలని తీసివేయుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. 1944లో బిల్లీ వైల్డర్ దర్శకత్వమున వచ్చిన 'డబుల్ ఇండెమ్నిటీ'యే యిందుకు ప్రబల నిదర్శనము. బీమా సొమ్మునకును, పరకాంతా వ్యామోహమునకును లోబడి ఆమె భర్తను హతమార్చిన ఏజెంటొకడు, తుపాకి గాయముతో అర్ధరాత్రి కార్యాలయమునకు వచ్చి, మాటలను నమోదుచేయు డిక్టాఫోను యంత్రము ముందు కూర్చుండి, తన నేరమును తానే వెల్లడించుటతో కథ ఆరంభమగును. హంతకుడెవరో మొదటనే తెలిసినను ఉత్కంఠ సడలకపోవుటకు, బుద్ధిమంతుడైన సామాన్యుడు మెట్టుమెట్టుగా ఎట్లు పతితుడగునో చూపిన రచనాకౌశలమే కారణము. ఆ రచనలో వైల్డరుకు తోడ్పడినవాడు ప్రఖ్యాత నవలాకారుడు రేమండ్ చాండ్లర్. ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్, కిటికీ తెరల పలకల సందులనుండి వెలుగును చారలుగా ప్రసరింపజేసి, పాత్రలపై కారాగారపు ఊచలవంటి నీడలను పరచి, రాబోవు శిక్షను ముందుగనే సూచించెను. నేరస్థుడు శిక్ష తప్పించుకొనరాదను నాటి నిర్మాణ నియమావళి సైతము ఈ చిత్రమున నిర్బంధముగా గాక, కర్మఫలముగా భాసించుచున్నది. ఏడు ఆస్కారులకు ప్రతిపాదింపబడియు ఒక్కటియు పొందని యీ కళాఖండమును, రంగులు లేవని ఉపేక్షింపక, నేటి యువప్రేక్షకులు ఒక్కమారైనను శ్రద్ధతో చూడవలెనని నా మనవి.