దిద్దే చెయ్యి రచయితదే

విమర్శకు తలొగ్గడం, లేదా పెడచెవిన పెట్టడం: రచయితకు ఉన్నవి ఈ రెండు దారులే అన్నట్టు మాట్లాడుకుంటాం. గురజాడ అప్పారావు ఈ రెండూ పట్టలేదు.

ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది, 1897లో అచ్చయింది. ప్రేక్షకులు మెచ్చుకున్నారు. భాష మాత్రం సంప్రదాయవాదులకు కొరుకుడు పడలేదు. వాడుక మాటల్లో నాటకమేమిటి, ఇది గ్రామ్యం కాదా అన్నారు. గురజాడ ఆ నాటకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 1909లో వెలువడిన మలి కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర ఎంతో పెరిగి, కథ నడక ఆమె చేతికొచ్చింది. ఇంత తిరగరాసిన మనిషి వాడుక భాషను మాత్రం వదల్లేదు.

ఎందుకో తెలియాలంటే ఆ నాటకంలోని గిరీశం మాటల్ని ఒకసారి గ్రాంథికంలోకి మార్చి చూడండి. వెంకటేశం ముందు కోసే కోతలు, మధ్యమధ్య దొర్లే ఇంగ్లీషు ముక్కలు పోయాక ఆ మనిషిలో ఇంకేం మిగులుతుంది? అగ్నిహోత్రావధాన్లు వ్యాకరణం చూసుకుని మండిపడితే ఎవరు భయపడతారు? ఆ భాష తీసేస్తే పాత్రలే ఉండవు. ఆ సంగతి రాసినవాడికి తెలుసు.

మొండివాడు తన రాతలో అక్షరం కూడా కదపడు. సొంత తీర్పున్నవాడు ఏది కదపాలో, ఏది కదపకూడదో తేల్చుకుంటాడు. కదపనిదానికి కారణం చెప్పగలడు. గురజాడ 1914లో వాడుక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలో తన కారణాలన్నీ వివరంగా చెప్పారు. అక్కడ గ్రాంథికవాదుల మాటే నెగ్గింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. వాడుక భాష గెలుపు ఆయన కళ్లజూడలేదు. తీర్పు సరైనదైనా చప్పట్లు సకాలంలో రావాలని లేదు.

అలాగని విమర్శ పనికిరానిదేం కాదు. నాలుగో పేజీలో విసుగొచ్చిందని పాఠకుడంటే నమ్మాల్సిందే, విసుగు అతనిది. ఆ పేజీని ఏం చేయాలో అతను చెబితే మాత్రం ఆగి ఆలోచించాలి. సంపాదకుల సలహాకూ ఇదే వర్తిస్తుంది.

అందుకే కొత్త రచయితలకు ఒక విన్నపం. సంపాదకులుగా మేం సూచనలు పంపితే ఏవి ఒప్పుకున్నారో, ఏవి ఒప్పుకోలేదో, ఎందుకో రాయండి. అన్నిటికీ తలూపి పంపిన కథను మేం కాస్త అనుమానంగానే చదువుతాం.