పంక్‌ను కన్నది దుకాణమా?

బ్రిటిష్ పంక్ సంగీతం 1976లో లండన్ కింగ్స్ రోడ్డులోని ఒక బట్టల దుకాణంలో పుట్టిందని రాసే చరిత్రకారులున్నారు. దుకాణదారు మాల్కం మెక్‌లారెన్‌కు ఒక ఊహ తట్టిందట, చిరిగిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చాడట, తిరుగుబాటు వచ్చేసిందట! సరుకు తయారుచేసినవాణ్ణి మరిచి అమ్మినవాడికి దండవేయడం బూర్జువా చరిత్రకు కొత్తకాదు. వింత ఏమంటే, మన అభ్యుదయ మిత్రులు కొందరు కూడా ఈ కట్టుకథనే నమ్మి, పంక్ అంతా వ్యాపారుల ఫ్యాషనని తీసిపారేస్తున్నారు.

అయ్యా, ఆ దుకాణం వదిలి కాస్త తూర్పుకు రండి. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట కాన్వే ద్వీపం ఉంది. చమురు ట్యాంకులు నిలిచిన నేల. 1953 ఉప్పెనలో అక్కడ యాభైమందికి పైగా చచ్చిపోయారు. ఆ ద్వీపంలో 1947లో ఒక గ్యాస్ ఫిట్టరుకు పుట్టినవాడు విల్కో జాన్సన్. న్యూకాసిల్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, మన దేశానికీ వచ్చి తిరిగాడు, బడిలో పాఠాలు చెప్పాడు. 1971లో ఏర్పడిన డాక్టర్ ఫీల్‌గుడ్ బృందంలో గిటారు అతనిదే.

ఆనాటి పేరుమోసిన రాక్ సంగీతమంటే పెద్ద పెద్ద ప్రదర్శనశాలలు, లారీలకొద్దీ సామగ్రి, ఎంతకీ తెమలని సోలోలు. వీళ్లు పబ్బుల్లో, బీరు గ్లాసుల మధ్య వాయించారు. విల్కో మీటే బిళ్ళ పట్టకుండా వట్టి వేళ్లతో తీగెలను నరికినట్లు కొట్టేవాడు. రిధమ్‌కు ఒకడూ లీడ్‌కు ఒకడూ అక్కరలేదు. రెండూ ఆ ఒక్క చేతిలోనే. కళ్లు మిటకరించి, గిటారును మరతుపాకిలా జనంమీదికి గురిపెట్టి, వేదికమీద అటూ ఇటూ దూసుకుపోయేవాడు. ఈ పద్ధతీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. మిక్ గ్రీన్ వాయింపు విని పట్టుకున్నది. దాని వెనక అమెరికా నల్లజాతి శ్రామికుల బ్లూస్ ఉంది. ఆ ఋణాన్ని విల్కో ఎన్నడూ దాచుకోలేదు.

ఇక తేదీలు చూడండి. స్టీరియో రాజ్యమేలుతున్న 1975లో వీళ్ల మొదటి ఆల్బం 'డౌన్ బై ది జెట్టీ' మోనోలో వచ్చింది. 1976లో 'స్టుపిడిటీ' బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటిస్థానం చేరింది. సెక్స్ పిస్టల్స్ మొదటి రికార్డు ఆ తర్వాతనే! క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ పబ్బుల బృందంలోనుంచి వచ్చినవాడే. జామ్‌కు చెందిన పాల్ వెల్లర్ విల్కో ఋణాన్ని బాహాటంగా ఒప్పుకున్నాడు. మార్క్సిస్టు భావాలను పాటలోకి తెచ్చిన గాంగ్ ఆఫ్ ఫోర్‌లో ఆండీ గిల్ గిటారు వినండి: ఆ తునకలు తునకలుగా తెగే మోత కాన్వేదే.

విల్కో పాటల్లో రాజకీయ నినాదాలు లేవంటారా? లేవు. ఆ కోపానికి మాటలిచ్చినవారు తర్వాత వచ్చారు. కాని ఖరీదైన హంగులు లేకుండా, పొట్టి పాటతో, నలుగురు కుర్రాళ్లు చిన్న గదిలో ఎంత మోత పుట్టించగలరో చూపించడం తక్కువ పనా? రూపానికి వర్గం లేదని మనకెవరు చెప్పారు?

పంక్ ఊరూరా మారుమోగిన 1977లోనే విల్కో ఆ బృందంతో తగవుపడి బయటికొచ్చాడు. 2022లో చనిపోయేదాకా వేదికలెక్కి వాయిస్తూనే ఉన్నాడు. ఈలోగా దుకాణం చొక్కాలు మ్యూజియముల అద్దాల వెనక్కి చేరాయి.