తూజా పేరు, ప్లాటిక్లాడస్ మొక్క: గుర్తింపులో కచ్చితత్వం అవసరం

మన కళాశాలల ఆవరణల్లోను, ఉద్యానవనాల్లోను, కడియం వంటి నర్సరీ కేంద్రాల్లోను ‘తూజా’ పేరుతో కనిపించే మొక్క, నేటి వర్గీకరణ ప్రకారం, తూజా ప్రజాతికి చెందినది కాదు. దాని సరైన శాస్త్రీయ నామం ప్లాటిక్లాడస్ ఓరియంటాలిస్. 1753లో లిన్నేయస్ దీనికి తూజా ఓరియంటాలిస్ అనియు, ఉత్తర అమెరికాకు చెందిన దాని సోదర జాతికి తూజా ఆక్సిడెంటాలిస్ అనియు పేర్లు పెట్టాడు. శంకువుల, విత్తనాల నిర్మాణంలోని భేదాలను గమనించిన తరువాతి శాస్త్రజ్ఞులు తూర్పు ఆసియా మొక్కను వేరుచేశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరును 1949లో ఫ్రాంకో ప్రకటించాడు. అయినప్పటికీ మన మొక్కల జాబితాలు, విద్యార్థుల రికార్డులు పాత పేరునే కొనసాగిస్తున్నాయి. ఈ అలవాటును సరిదిద్దుకోవలసిన బాధ్యత మనదే అని నా అభిప్రాయం.

ఈ రెండింటినీ వేరుపరచడం కష్టమేమీ కాదు. మూడు లక్షణాలను వరుసగా పరిశీలిస్తే చాలు. మొదటిది రెమ్మల అమరిక. ప్లాటిక్లాడస్‌లో చదునైన రెమ్మలు నిలబెట్టిన పుస్తకపు పుటల వలె నిలువుగా ఉంటాయి. రెండు ముఖాలూ ఒకే రంగులో కనిపిస్తాయి. తూజా ఆక్సిడెంటాలిస్‌లో రెమ్మలు అడ్డంగా పరచుకొని ఉంటాయి. అడుగు ముఖం పై ముఖం కంటే లేతగా ఉంటుంది. రెండవది శంకువు. ప్లాటిక్లాడస్ లేత శంకువు కండగలిగి, నీలి బూడిద పూతతో ఉండి, ప్రతి పొలుసు కొనన కొక్కెం వంటి కొమ్మును కలిగి ఉంటుంది. పండిన తరువాత గోధుమరంగు చేవగా మారి విచ్చుకుంటుంది. తూజా శంకువు పొలుసులు పలుచగా ఉంటాయి. మూడవది విత్తనం. ప్లాటిక్లాడస్ విత్తనానికి రెక్కలుండవు. తూజా విత్తనానికి ఇరువైపులా సన్నని రెక్కలుంటాయి.

ఇదే కుటుంబంలోని ఇతర మొక్కలనూ ఈ పద్ధతిలోనే విడదీయవచ్చు. సైప్రస్ శంకువు గుండ్రంగా, డాలు ఆకారపు పొలుసులతో ఉంటుంది. జునిపెర్ శంకువు చిన్న పండును తలపిస్తుంది. మన కోస్తా రైతులకు చిరపరిచితమైన సరుగుడును కూడా కొందరు విద్యార్థులు ఈ కోవలో చేర్చడం కద్దు. సరుగుడు పుష్పించే మొక్క. దాని ‘సూది ఆకులు’ నిజానికి కణుపులు గల పచ్చని రెమ్మలు. అసలైన ఆకులు ఆ కణుపుల వద్ద సూక్ష్మమైన పొలుసులుగా వలయంలో అమరి ఉంటాయి.

అలంకారం కోసం పెంచే మొక్క పేరు గురించి ఇంత పట్టుదల దేనికని సహోద్యోగులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సమంజసమే. నర్సరీ యజమాని తూజా అని పిలవడం వల్ల నష్టం లేదు. వాడుక పేరు వాడుకకు చెందుతుంది. కాని సలహా చెప్పే శాస్త్రవేత్త విషయం వేరు. తూజా ఆక్సిడెంటాలిస్ చల్లని, తేమ గల ప్రాంతాల చెట్టు. ప్లాటిక్లాడస్ ఎండను, నీటి ఎద్దడిని, సున్నం గల నేలలను బాగా తట్టుకుంటుంది. మొదటిదాని కోసం వ్రాసిన విదేశీ సాగు సూచనలను రెండవదానికి అన్వయిస్తే సలహా తప్పుతుంది. ఔషధ విషయంలో ప్రమాదం మరింత పెద్దది. తూజా ఆక్సిడెంటాలిస్ ఆకు నూనెలో ఉండే తూజోన్ అనే పదార్థం మోతాదు మించితే మూర్ఛలు కలిగిస్తుంది. పేరు ఒకటే కదా అని పెరటి మొక్క ఆకును కషాయం కాచుకొనే వారిని హెచ్చరించవలసినది మనమే.

చరిత్ర కూడా ఇదే పాఠం చెబుతుంది. 1535–36 శీతకాలంలో నేటి క్విబెక్ వద్ద చిక్కుకున్న జాక్ కార్టియే నావికులు స్కర్వీ వ్యాధితో మరణిస్తుండగా, స్థానిక ఆదివాసులు చూపిన ఒక చెట్టు కషాయం మిగిలిన వారిని బ్రతికించింది. ‘జీవవృక్షం’ అనే అర్థం గల ఆర్బర్‌వైటే పేరు ఆ సంఘటన నుండే వచ్చిందని చెబుతారు. అయితే ఆ చెట్టు తూజాయా, ఫర్ జాతి వృక్షమా అనే వివాదం నేటికీ తీరలేదు. వర్ణన చాలకపోతే ప్రాణం నిలిపిన చెట్టు కూడా అనామకంగానే మిగిలిపోతుంది.

వరి నారులో ఊదను గుర్తించేటప్పుడు మనం ఆకు మొదట జిహ్విక ఉన్నదా లేదా అని చూడమని చెబుతాము. వరికి అది ఉంటుంది, ఊదకు ఉండదు. పొలంలో చూపే ఈ శ్రద్ధనే ఆవరణలోని చెట్టు పట్ల కూడా విద్యార్థి అలవరచుకోవాలి. అందుకు మూడు పనులు చేయవచ్చు. కళాశాల ఆవరణలోని నామఫలకాలపై సరైన పేరుతో పాటు పాత పేరును కూడా వ్రాయించాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఆకు రెమ్మను మాత్రమే కాక శంకువును, విత్తనాన్ని కూడా ఇచ్చి, పేరుతో పాటు కారణం అడగాలి. శంకువు లేని లేత మొక్క విషయంలో ‘ప్రజాతి నిర్ధారణ కాలేదు’ అని వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదు. ఊహించి వ్రాసిన పేరు కంటే ఆ సమాధానమే శాస్త్రానికి దగ్గర.