మెదడులో తేజీ మందీ

ధర మలుపు తిరిగే ముందే మనిషి మెదడు దానిని పసిగడుతుందా? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ నట్సన్ ప్రభృతులు 2021లో ప్రకటించిన ఫలితాలను బట్టి, కొంతవరకు పసిగడుతుందనే అనవలసి ఉన్నది. 34 మందిని స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, అసలు షేర్ల ధరల గీతలు చూపి, ధర పెరుగుతుందో తగ్గుతుందో పందెం కాయమన్నారు. కాసిన పందేలను బట్టి ధర పోకడ అంతుపట్టలేదు. కాని గుబులు కలిగినపుడు చురుకెక్కే ‘ఇన్సులా’ అనే మెదడు భాగంలో, ధర తిరగబడే సూచన కనిపించింది. మరో 39 మందిపై, వేరే షేర్లతో పరీక్షించినా ఇది నిలిచింది. ఆశకు స్పందించే ఇంకొక భాగం మొదటిసారి ధర దిశను సూచించింది గాని, రెండోసారి ఆ మాట నిలువలేదు.

అంటే లోపలి గుబులు నిజం చెబుతున్నా, పందెం కాసే చేయి దానిని ఖాతరు చేయడం లేదన్నమాట. దలాలులు గమనించవలసింది ఇదే, యంత్రం కాదు. పైగా ఆ పరీక్షలు షేర్లపై జరిగినవి. మిర్చి, పసుపు ధరలకు రాబడులు, శీతల గిడ్డంగులలోని నిల్వలు, ఎగుమతి గిరాకీ ఉండనే ఉన్నాయి. గీత ఒక్కటే చూసినవాడి ఇన్సులాకు అవి తెలిసే దారి లేదు. ఈ సూచన ఎప్పుడైనా పెద్ద కొనుగోలుదార్ల చేతికి చిక్కినా, వారంతా ఒక్కసారిగా అమ్మకాలకు దిగితే దాని విలువ ఆ పూటకే హరించుకుపోతుంది.