ధర్మాసుపత్రి ఎవరి ధర్మం?

సర్కారు ఆసుపత్రిని మనవాళ్లు ధర్మాసుపత్రి అంటారు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక, మాట వినగానే అర్థం వెతకడం నాకు అలవాటు. ధర్మానికి మన వాడుకలో రెండర్థాలున్నాయి. "ధర్మం చెయ్యి బాబూ" అంటే బిచ్చం. "ఇది నా ధర్మం" అంటే విధి. మరి ఆసుపత్రి పేరులో ఉన్నది ఏ ధర్మం? వైద్యానికి డబ్బు ఎవరివ్వాలి, వైద్యం ఎవరు పొందాలి అన్న తగవంతా యీ ఒక్క మాటలోనే ఉంది.

బిచ్చమనుకుంటే లెక్క సులువు. ఉన్నవాడు ఇస్తాడు, లేనివాడు పుచ్చుకుంటాడు. అయితే లేనివాడినని రుజువు చూపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఆ రుజువు తెల్లకార్డు. కార్డున్న కుటుంబానికి పెద్ద జబ్బులకు ఏడాదికి 2 లక్షల దాకా సర్కారే చెల్లించేది. గుండె ఆపరేషన్ మాట తలపెట్టను కూడా లేని ఇళ్లలో ఎందరో దానివల్ల బతికి బట్టకట్టారు. అది చిన్న మేలు కాదు.

కాని గీత గీస్తే, గీతకు అవతల ఒకడుంటాడు గదా! హద్దుకు వంద రూపాయలు ఎక్కువ వచ్చే గుమాస్తా సంగతేమిటి? జబ్బు అతని జీతం చూసి రాదు. పదేళ్లు కూడబెట్టింది పది రోజుల్లో కరిగిపోతుంది. ఆ పైన ఇల్లాలి గాజులు, ఆ పైన అప్పు. జబ్బు చేసేదాకా అతను మధ్యతరగతి. చేశాక కార్డులేని పేద.

"అయితే లక్షాధికారికి కూడా ఉచితంగా చెయ్యమంటారా?" అని మీరడగవచ్చు. చెయ్యమనే అంటాను. అసలు ఉచితమన్న మాటే సరికాదు. సబ్బుబిళ్ల కొనే కూలివాడు కూడా సర్కారుకు పన్ను కడుతూనే ఉన్నాడు. లక్షాధికారి దగ్గర ఎక్కువ పుచ్చుకోవలసిందే. ఆ పుచ్చుకునేది పన్నుల కచేరీలో. ఆసుపత్రి గుమ్మంలో ఎవరి జేబూ తడమకూడదు.

ఇది కొత్త ఊహ కాదు. డబ్బివ్వలేని కారణాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. చూడండి. ఒక జీతపు హద్దు లోపలివారికే అయినా, పద్ధతి బాగుంది. 2019లో ఖాయం చేసిన రేటు ప్రకారం నూరు రూపాయల జీతానికి కార్మికుడు ముప్పావలా, యజమాని మూడుంబావు రూపాయలు వేస్తారు. ఒంట్లో బాగున్న రోజుల్లో వేసుకోవడం, బాగాలేనివాడు వాడుకోవడం. ఇందులో దాతా లేడు, యాచకుడూ లేడు. 2024లో కేంద్రం డెబ్బై ఏళ్లు నిండినవారందరికీ ఆదాయం అడక్కుండా ఆయుష్మాన్ భారత్ వర్తింపజేసింది. డెబ్బైలో అడగని ప్రశ్న నలభైలో మాత్రం ఎందుకు?

ఒక్క భయం ఉంది. తలుపు అందరికీ తెరిస్తే సిఫార్సు చీటీ ఉన్నవాడు ముందుకూ, లేనివాడు వెనక్కూ పోతారేమో! నిజమే. జబ్బు తీవ్రతను బట్టే వరస అన్న నియమం గట్టిగా ఉండాలి. అంతమాత్రాన మనం దూరంగా ఉండడం పేదలకు ఉపకారం కాదు. పేదలు మాత్రమే వెళ్లే ఆసుపత్రిలో మంచం విరిగితే వారి మొర వినేవారు తక్కువ. మేస్త్రీ తల్లీ మేష్టారి తల్లీ పక్కపక్క మంచాల మీద ఉంటే, కొడుకులిద్దరూ కలిసి అడుగుతారు. "ధర్మం చెయ్యండి" అని కాదు, "ఇది మీ ధర్మం" అని.